వానాకాలంలో క్లారినెట్ రీడ్ ఎందుకు మొరాయిస్తుంది: హైదరాబాద్ తేమ లెక్కలు

జూన్ రెండో వారం అటూ ఇటూగా హైదరాబాద్‌లో వానలు మొదలవుతాయి, ఆ వెంటనే క్లారినెట్ వాయించేవాళ్ల కష్టాలూ మొదలవుతాయి. మే నెల పెళ్లిళ్లలో హాయిగా పలికిన రీడే (ఊదే చోట బిగించే పలచటి బద్ద) ఇప్పుడు బరువుగా అనిపిస్తుంది, పై స్వరాలకు వెళ్లగానే కీచుమంటుంది, ఒక్కోసారి ఎంత ఊదినా గాలి తప్ప నాదం రాదు. ఎవరినైనా అడిగితే ఒకరు "రీడ్ ఎండిపోకూడదు, డబ్బాలో తడి స్పాంజి ముక్క పెట్టు" అంటారు, ఇంకొకరు "తేమ తగలకూడదు, సిలికా జెల్ పొట్లం పడెయ్" అంటారు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్లకోసం రీడ్లు కొనే తల్లిదండ్రులు ఈ రెండింటి మధ్య నలిగిపోతారు.

నిజానికి ఇద్దరూ ఎవరి చోట వాళ్లు సరిగ్గానే చెప్తున్నారు. క్లారినెట్ గురించి ఇంగ్లిష్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల నుంచి వచ్చినవి. అక్కడ శీతాకాలమంతా ఇళ్లలో హీటర్లు నడుస్తాయి, గదిలో గాలి పొడిబారిపోతుంది, కాబట్టి రీడ్‌కు తేమ ఎలా అందించాలన్నదే వాళ్ల బాధ. మనకు ఆ సలహా ఏప్రిల్, మేలలో కొంత పనికొస్తుంది, ఆగస్టులో మాత్రం అదే సలహా రీడ్‌కు బూజు పట్టిస్తుంది. అసలు రీడ్‌ను పాడుచేసేది ఎక్కువ తేమా తక్కువ తేమా అన్న ప్రశ్న కంటే, తేమ ఎంత త్వరగా మారుతోంది, రీడ్ ఉన్న ఆ చిన్న డబ్బాలో ఎంత ఉంది అన్నవే ముఖ్యం. అది అర్థం కావాలంటే ముందు రీడ్ గురించి కొంచెం తెలియాలి.

కొసన కాగితమంత పలచగా ఉండే బద్ద

రీడ్ అంటే అరుండో డోనాక్స్ అనే మొక్క కాండం నుంచి చెక్కిన బద్ద. వెదురు, చెరకు ఉన్న గడ్డి కుటుంబంలోదే ఆ మొక్క. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో పండిన గడకు మొదటినుంచీ మంచి పేరు. కోసిన గడను వెంటనే చెక్కరు, నెలల తరబడి, చాలాసార్లు రెండేళ్ల దాకా ఆరనిచ్చి అప్పుడు చెక్కుతారు. అంటే మన చేతికొచ్చే రీడ్ నెమ్మదిగా, ఓపికగా ఆరిన వస్తువు. దాన్ని మనం రోజూ నోట్లో తడిపి, గంటలో ఎండబెట్టి, మళ్లీ తడుపుతాం.

బీ ఫ్లాట్ క్లారినెట్ రీడ్ పొడవు సుమారు 67 మిల్లీమీటర్లు. వెనకవైపు మూడు మిల్లీమీటర్ల దాకా మందం ఉంటుంది, పెదవి తగిలే కొసన మాత్రం దాదాపు 0.1 మిల్లీమీటరే. కింది చదును భాగాన్ని టేబుల్ అంటారు. ఈ టేబుల్‌ను మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క మీద ఆనించి, లిగేచర్ అనే పట్టీతో బిగిస్తారు. కొసకూ మౌత్‌పీస్ అంచుకూ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. మనం ఊదినప్పుడు రీడ్ ఆ ఖాళీని మూస్తూ తెరుస్తూ సెకనుకు వందలసార్లు కదులుతుంది, 440 హెర్ట్జ్ స్వరం పలికితే సెకనుకు 440 సార్లు. ఒక మిల్లీమీటరు ఖాళీ మీద నడిచే ఈ పనిలో పదోవంతు మిల్లీమీటరు వంకర వచ్చినా చెవికి తెలిసిపోతుంది.

పెట్టె మీద ఉండే 2, 2.5, 3 అంకెలు మందాన్ని చెప్పవు. ఒకే కంపెనీ ఒకే రకంలో, ఒకే కొలతకు చెక్కిన రీడ్లను మెషిన్ వంచి చూసి, ఏది ఎంత బిగువుగా ఉందో దాన్నిబట్టి అంకె వేస్తారు. తేమతో మారేది కూడా ఈ బిగువే. కాబట్టి పెట్టె మీద 2.5 అని ఉన్నంత మాత్రాన ఆ రీడ్ ఆగస్టులో హైదరాబాద్‌లో అలాగే ప్రవర్తించాలని లేదు.

వాతావరణ వార్తల్లో చెప్పే తేమ శాతం మన గదిలోది కాదు

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. 24 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 21.8 గ్రాములు పట్టుకుంటే, 28 డిగ్రీల దగ్గర 27.2 గ్రాములు, 42 డిగ్రీల దగ్గర 56 గ్రాముల దాకా పట్టుకుంటుంది. వార్తల్లో వినే తేమ శాతం అంటే ఆ గరిష్ఠంలో ఇప్పుడు ఎంత వంతు నిండిందన్న లెక్క. చెక్క అయినా రీడ్ అయినా స్పందించేది ఈ శాతానికే.

మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఘనపు మీటరులో సుమారు 11 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. అదే గాలి గదిలోకి వచ్చి 26 డిగ్రీలకు చల్లబడితే, అక్కడ గరిష్ఠం 24.4 గ్రాములు కాబట్టి తేమ 46 శాతం అవుతుంది. ఎవరూ ఒక్క చుక్క నీళ్లు చల్లలేదు, అయినా శాతం రెట్టింపు దాటింది. అంటే "ఏసీ గది రీడ్‌ను ఎండగట్టేస్తుంది" అన్న మాట మన మే నెలకు పూర్తిగా వర్తించదు. బయటి ఎండలో కంటే ఏసీ గదిలోనే రీడ్ నెమ్మదిగా ఆరుతుంది.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. బయట 28 డిగ్రీలు, 80 శాతం ఉంటే ఘనపు మీటరుకు దాదాపు 21.8 గ్రాములు. దాన్ని 24 డిగ్రీలకు చల్లబరిస్తే నూరు శాతం అయిపోవాలి. అలా కాకపోవడానికి కారణం, ఏసీ ఆ తేమను నీళ్లుగా మార్చి బయటికి పంపేయడం. గోడ బయట పైపు లోంచి కారే నీళ్లు అవే. అందుకే జులైలో ఏసీ గది నిజంగానే బయటికంటే పొడిగా ఉంటుంది.

ఇక మన ఇళ్లలో వేసవికి ఎక్కువగా వాడేది కూలర్. విదేశీ సలహాల్లో దీని ఊసు పెద్దగా కనిపించదు. కూలర్ చల్లబరిచేదే నీళ్లను ఆవిరి చేసి, కాబట్టి బయట 20 శాతం తేమ ఉన్నా కూలర్ ముందు 60 దాటడం మామూలే. మే నెలలో కూలర్ గాలికి ఎదురుగా రీడ్ల డబ్బా తెరిచిపెట్టి, తర్వాత అదే డబ్బాతో ఎండలో బండి మీద బయల్దేరితే, రీడ్ ఒక్క పూటలో రెండు కాలాలు చూసినట్టే. డిసెంబర్, జనవరిలలో రాత్రిళ్లు చల్లగా, మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి, కానీ మార్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి రీడ్లకు అవే మన దగ్గర మంచి రోజులు.

తేమ తగిలితే రీడ్‌లో జరిగేది

చెక్క విషయంలో లెక్కలు బాగా తెలుసు. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్క తన పొడి బరువులో సుమారు 6 శాతం నీటిని నిలుపుకుంటుంది, 80 శాతం ఉంటే సుమారు 16 శాతం. రీడ్ అచ్చంగా చెక్క కాదు, కానీ ధోరణి అదే. ఇలా నీరు చేరినప్పుడు నార పొడవు దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. మామూలు చెక్క లెక్కనే ఇక్కడ పెట్టి చూస్తే, 13 మిల్లీమీటర్ల వెడల్పున్న కొస ఈ రెండు స్థితుల మధ్య మూడోవంతు మిల్లీమీటరు దాకా వెడల్పవుతుంది.

రీడ్ మొత్తం ఒకేసారి ఉబ్బితే పెద్ద నష్టం లేదు. కానీ పలచటి కొస నోట్లో పెట్టుకున్న నిమిషంలో తడుస్తుంది, మందపాటి వెనక భాగం గంటకు కూడా పూర్తిగా తడవదు. కొస వెడల్పు కావాలని చూస్తుంది, వెనక భాగం దాన్ని కదలనివ్వదు, ఆ పెనుగులాటలో కొస అలలు అలలుగా ముడతలు పడుతుంది. అద్దం మీద పెట్టి వెలుతురుకు చూస్తే కనిపించే ఆ అలలు ఇవే. చాలామంది అది చూసి రీడ్ పారేస్తారు. పొడిబారిన రీడ్‌ను అప్పుడే తడిపితే ఇది సహజం. కాసేపు నానితే చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది.

ఆరేటప్పుడూ ఇదే గొడవ, తిరగబడి. ఎర్రటి ఎండలో ఆరేసిన అప్పడాల అంచులు ముడుచుకుని, నీడలో ఆరినవి చదునుగా ఉండడం చూసే ఉంటారు. రీడ్‌కూ సరిగ్గా అంతే. ఒక పక్క త్వరగా, ఇంకో పక్క నెమ్మదిగా ఆరితే వంగుతుంది. అద్దం ముక్క మీద టేబుల్ కిందికి వచ్చేలా పెట్టి ఆరబెట్టే పద్ధతిని కొందరు గట్టిగా సమర్థిస్తారు, టేబుల్ చదును చెడకుండా ఉంటుందని. ఇంకొందరు అలా చేస్తే కింది పక్కకు గాలి తగలదు, పైది ముందు ఆరి అసలు వంకర అప్పుడే వస్తుంది అంటారు. అందుకే కొన్ని రీడ్ కేసుల్లో కింద గాడులు, గీతలు ఉంటాయి, గాలి ఆడడానికి. నా ఉద్దేశంలో పొడి వేసవిలో అద్దం బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆరడాన్ని నెమ్మదింపజేస్తుంది. వానాకాలంలో గాలి ఆడే కేసు మేలు, ఎందుకంటే అసలు ఆరడమే ఆలస్యం.

వానాకాలంలో రీడ్ గట్టిపడుతుందా, మెత్తబడుతుందా

దీని మీద వాయించేవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోతారు, ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది. తడిసిన నార తేలిగ్గా వంగుతుంది, కాబట్టి మెత్తబడుతుంది అన్నది ఒక వాదన. ఉబ్బిన రీడ్ మందంగా, బరువుగా ఉంటుంది, దాన్ని కదిలించడానికి ఎక్కువ ఊపిరి కావాలి, కాబట్టి గట్టిపడింది అన్నది రెండోది. రెండు ప్రభావాలూ ఒకే రీడ్‌లో ఒకేసారి పనిచేస్తాయి, ఏది గెలుస్తుందన్నది ఆ ముక్క నార మీద, వాయించే వ్యక్తి పెదవి బిగింపు మీద ఆధారపడుతుంది.

కానీ "గట్టిపడింది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది మూడో కారణం, గాలి లీకు. టేబుల్ ఉబ్బి మధ్యలో ఎత్తయితే మౌత్‌పీస్ మీద సరిగ్గా కూర్చోదు, పక్కల నుంచి గాలి పోతుంది, మనం ఎక్కువ ఊదుతాం, రీడ్ గట్టిగా ఉందనుకుంటాం. కీచులు కూడా చాలావరకు ఇక్కడినుంచే వస్తాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. రీడ్ బిగించిన మౌత్‌పీస్ కింది చివరను అరచేతితో గట్టిగా మూసి, రెండో వైపు నుంచి గాలి పీల్చి నోరు తీసేయాలి. టేబుల్ సరిగ్గా కూర్చుంటే రీడ్ మౌత్‌పీస్‌కు ఒకటి రెండు సెకన్లు అతుక్కుని ఉండి, "టప్"మని విడిపోతుంది. లీకుంటే అతుక్కోనే అతుక్కోదు. లీకు ఉన్న రీడ్ బదులు అర నంబరు తక్కువది కొంటే సమస్య తీరినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మెత్తటి రీడ్ లీకును కొంత కప్పేస్తుంది. జులైలో పదేసి రీడ్ల పెట్టె కొత్త నంబరులో కొని అక్టోబర్‌లో అది పనికిరాక పక్కన పెట్టేసేది అందుకే.

ఇక్కడే ఇంకో చిక్కు. టేబుల్ ఎత్తయిందని సన్న గరుకు కాగితం మీద రుద్ది చదును చేస్తారు. అనుభవజ్ఞులు చేసే పనే, తప్పేం లేదు. కానీ ఆగస్టులో ఉబ్బి ఉన్న టేబుల్‌ను చదునుగా రుద్దితే, తీసేసింది ఉబ్బిన భాగాన్ని. గాలి పొడిబారాక ఆ ఉబ్బు తగ్గి, రుద్దిన చోట గుంట మిగులుతుంది. ఒక సీజన్‌లో వాడి పారేసే రీడ్‌కు ఇది పట్టించుకోనక్కర్లేదు, దాచుకోవాల్సిన మంచి రీడ్‌కు మాత్రం చాలా తేడా చేస్తుంది.

మూసిపెట్టాలా, గాలికి వదలాలా

అసలు గొడవంతా ఇదే, అందుకే ఒక లెక్క వేసి చూద్దాం. మామూలు రీడ్ డబ్బాలో ఓ 200 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి. 28 డిగ్రీల దగ్గర అంత గాలి పట్టుకోగల నీటి ఆవిరి మొత్తం సుమారు 5.4 మిల్లీగ్రాములు. ఒక నీటిచుక్క బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే ఒక్క చుక్క అలాంటి డబ్బాలు తొమ్మిదింటిని నూరు శాతం తేమతో నింపేయగలదు. వాయించి తీసిన రీడ్‌ను తుడవకుండా గట్టి మూతున్న డబ్బాలో పెడితే, బయట మే నెల అయినా ఆగస్టు అయినా లోపల ఎప్పుడూ నూరు శాతమే. బయటి వాతావరణానికి ఇందులో పాత్రే లేదు.

ఈ ఒక్క లెక్కతో ఇద్దరి వాదనా తేటపడుతుంది. "మూసిపెట్టు" అనేవాళ్లు ఆరిన రీడ్ గురించి మాట్లాడుతున్నారు, ఆరిన తర్వాత దానిని ఒకే తేమలో నిలకడగా ఉంచడం గురించి. "గాలికి వదులు" అనేవాళ్లు తడి రీడ్ గురించి మాట్లాడుతున్నారు. ముందు తుడవడం, తర్వాత గాలికి ఆరనివ్వడం, ఆ తర్వాత మూత వేయడం, ఈ వరసలో రెండు మాటలకూ చోటుంది. పొడి వేసవిలో ఆ ఆరే సమయం కొద్ది నిమిషాలే, వాన పడుతున్న రాత్రి గంటలు పట్టినా పట్టొచ్చు.

తేమను రెండువైపులా సర్దే ప్యాకెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. గాలి పొడిగా ఉంటే తేమ వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. వాటి మీద 58, 73 లాంటి శాతాల అంకె ఉంటుంది. పొడి చోట ఉండేవాళ్లు 73 మెచ్చుకుంటారు, రీడ్ ఎప్పుడూ వాయించడానికి సిద్ధంగా ఉంటుందని. మన వానాకాలపు వేడిలో 73 అంటే బూజు మొదలయ్యే హద్దుకు బాగా దగ్గర, అందుకే 58 వైపు మొగ్గేవాళ్ల మాటే నాకు సబబుగా తోస్తుంది. ఏదైనా ప్యాకెట్ పీల్చుకునే సామర్థ్యానికి హద్దుంది, రోజూ తడి రీడ్లు పెడుతూ పోతే త్వరగానే చేతులెత్తేస్తుంది. సిలికా జెల్ అయితే ఒకవైపే పనిచేస్తుంది, పీల్చడమే తప్ప తిరిగి ఇవ్వదు. చిన్న డబ్బాలో కొత్త సిలికా పొట్లం పెడితే రీడ్ వేసవి మధ్యాహ్నం కంటే పొడిగా మారిపోతుంది, తీసి నోట్లో పెట్టగానే కొస అలలు తిరుగుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా డబ్బాలో నిజంగా ఎంత తేమ ఉందో చూడాలంటే తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. అది సరిగ్గా చూపిస్తోందో లేదో వంటింటి ఉప్పుతోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీరు కలిపి, దాన్నీ మీటర్‌నూ కలిపి జిప్ కవర్లో ఒక రాత్రంతా మూసి ఉంచాలి. తడి ఉప్పు మీది గాలి 75 శాతం దగ్గర స్థిరపడుతుంది, మన గది ఉష్ణోగ్రతల్లో ఈ అంకె పెద్దగా మారదు. మీటర్ 70 చూపిస్తే అది ఐదు తక్కువ చెప్తోందన్నమాట.

ఒక జులై రోజు రీడ్ ప్రయాణం

అల్వాల్‌లో ఇల్లు, కృష్ణానగర్‌లో రికార్డింగ్, సాయంత్రం ఒక బరాత్ ఉన్న వాద్యకారుడిని ఊహించండి. ఇంట్లో ఫ్యాను గాలి, తేమ 75, 80 మధ్య. స్టూడియోలో ఏసీ, 55, 60. గంటలో ఇరవై శాతం తగ్గింది, దానితోపాటు రీడ్ తన నీటిలో కొంత వదిలేసింది, మొదటి టేకుల్లో స్వరం సన్నగా, చిరాగ్గా పలుకుతుంది. అరగంట పోయాక సర్దుకుంటుంది, సర్దుకుంది రీడ్ అని తెలియక చాలామంది తమ పెదవిని అనుమానిస్తారు. సాయంత్రం ఏసీలో చల్లబడ్డ మౌత్‌పీస్‌తో రోడ్డు మీదికి వస్తే, 28 డిగ్రీలు, 80 శాతం గాలికి మంచు బిందువు (ఆవిరి నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దాదాపు 24 డిగ్రీలు కాబట్టి, అంతకంటే చల్లగా ఉన్న దేని మీదైనా సన్నటి నీటి పొర పేరుకుంటుంది. ఊదకముందే రీడ్ తడిసింది.

అందుకే ముందు కేసు మూసే ఉంచి పావుగంట కొత్త చోట వదిలేయడం చాలామంది సీనియర్ల అలవాటు. గోల్కొండ కోటలో 2014 నుంచి జరుగుతున్న ఆగస్టు 15 వేడుకల్లాంటి చోట, గణేశ్ నిమజ్జనానికి ట్యాంక్‌బండ్ వైపు నడిచే ఊరేగింపుల్లో ఆ పావుగంట కూడా దొరకదు. అక్కడ పనికొచ్చేది రీడ్లు మార్చుకుంటూ వాయించడం. నాలుగైదు రీడ్లను వంతులవారీగా వాడితే ప్రతిదానికీ పూర్తిగా ఆరే వ్యవధి దొరుకుతుంది.

బూజు, తీపి, నోటి తడి

తేమ 70, 80 శాతం దాటి, వెచ్చగా ఉండి, తినడానికేదైనా దొరికితే బూజు వస్తుంది. మొదటి రెండూ జులైలో ఎలాగూ ఉన్నాయి, మూడోది మనమే అందిస్తాం. ఇరానీ చాయ్ తాగి వెంటనే వాయిస్తే ఆ చక్కెర రీడ్ నారల్లోకి వెళ్తుంది. అందుకే నోరు పుక్కిలించాక వాయించాలన్న నియమం వట్టి మర్యాద కోసం పెట్టింది కాదు. వాయించే ముందు రీడ్‌ను నీళ్లలో నానబెట్టాలా, నోట్లోనా అన్న వాదం కూడా ఇక్కడికే వస్తుంది. నీళ్లు శుభ్రం, ఉమ్మిలో ఎంజైములు ఉంటాయి అని నీటి పక్షం. నీళ్లలో మరీ ఎక్కువ నానుతుంది, ముఖ్యంగా వానాకాలంలో, అని నోటి పక్షం. రెండూ నిజమే, తేడా మాత్రం తుడిచి ఆరబెట్టడం ముందు చిన్నది.

మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి కడిగి రీడ్లు శుభ్రం చేసేవాళ్లున్నారు, రోజువారీ మురికికి అది సరే. నల్లగా, పచ్చగా నూగులా బూజు కనిపించిన రీడ్ విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. అది ఊపిరితిత్తులకు ఎదురుగా పెట్టుకుని లోతుగా గాలి పీల్చే వస్తువు. పారేయాల్సిందే, దాని డబ్బా కూడా కడగాల్సిందే. స్కూలు బ్యాండ్లలో ఒకరి రీడ్ ఇంకొకరు వాడడం కూడా అందుకే ప్రమాదం.

ప్లాస్టిక్ రీడ్‌తో అంతా తీరిపోతుందా

తేమను పీల్చని పాలిమర్ రీడ్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి, కెనడాకు చెందిన లెజేర్ వాటిలో బాగా పేరున్నది. ఒక్క రీడ్ ధరకు మామూలు రీడ్లు చాలా వస్తాయి, కానీ నెలల తరబడి నిలుస్తుంది, తడపక్కర్లేదు, ఊరేగింపులో వాన పడినా మారదు. బరాత్, నిమజ్జనాలకు ఇవి నిజంగా వరం. నాదంలో ఆ సహజమైన నార గరుకు తగ్గుతుందని, గమకం కోసం పెదవితో స్వరాన్ని వంచినప్పుడు స్పందన వేరుగా ఉంటుందని కచేరీ వాద్యకారులు కొందరు అంటారు, అలా అనని మంచి వాద్యకారులూ ఉన్నారు. ఇది చెవి తేల్చుకోవాల్సిన విషయం.

అయితే తేమ నుంచి తప్పించుకున్నది వేడి నుంచి తప్పించుకోలేదు. వేడెక్కిన ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మే నెల ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఆకారం చెడొచ్చు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు మౌత్‌పీస్‌కూ ఎండ పడదు, నల్లటి రంగు ఆకుపచ్చగా, గోధుమగా మారుతుంది, గంధకం వాసన వస్తుంది.

వేడి విషయంలో రీడ్ మీద పడే ఇంకో నింద శ్రుతి. గొట్టంలో గాలి వెచ్చబడితే ధ్వని వేగం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి శ్రుతి సుమారు మూడు సెంట్ల (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) చొప్పున పైకి పోతుంది. ఊపిరి వేడి ఎలాగూ లోపల ఉంటుంది కాబట్టి బయటి మార్పంతా లోపల కనిపించదు, అయినా ఎండాకాలం సాయంత్రం క్లారినెట్ కీబోర్డు కంటే పైకి పలకడానికి ముఖ్య కారణం ఇదే. దానికి మందు బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం ముక్క) కొంచెం బయటికి లాగడం, రీడ్ మార్చడం కాదు.

వాతావరణం తప్పా, రీడ్ వయసా

ఏ రీడ్ అయినా వాడగా వాడగా నార అలిసిపోతుంది, నాదం పల్చబడుతుంది, పై స్వరాలు కిందికి జారతాయి. వానాకాలపు ఉబ్బు కూడా దూరం నుంచి ఇలాగే కనిపిస్తుంది కాబట్టి బాగున్న రీడ్లు చాలా చెత్తబుట్టలోకి పోతాయి. తేడా తెలుసుకోవాలంటే అనుమానమున్న రీడ్‌ను తుడిచి, ఆరబెట్టి, తేమ 55, 60 దగ్గర నిలకడగా ఉన్న డబ్బాలో రెండు మూడు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. తర్వాత ఆ అరచేతి పరీక్ష చేసి, పది నిమిషాలు వాయించి చూడాలి. లీకు పోయి నాదం తిరిగొస్తే అది వాతావరణం చేసిన పని, ఆ రీడ్ ఇంకా మీదే. రాకపోతే దాని ఆయుష్షు అయిపోయింది, కొత్తది తీయండి.